ఎడమవైపు క్లచ్

ఈ మిషన్ మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న కుట్టుమిషన్ ఇది. దీని మీద చెయ్యి పెట్టి నేను అబద్ధమాడను. కరెంటు ఎలాగూ పోయింది, చీకట్లో హుక్కులు కుట్టలేం. వింటానంటే చెప్తాను... కానీ మధ్యలో నవ్వొద్దు. నవ్వితే అక్కడికే ఆపేస్తాను.

ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. పోయిన చలికాలంలో. కారు నడుపుతున్నది నేను. వెనక సీట్లో పడుకుని ఉన్నది మా కౌసల్యక్క. ముందు, ఎడమవైపు సీటు... ఖాళీ. ఆ రాత్రి నేను ఎన్నిసార్లు అటు తిరిగి చూశానో నాకే తెలియదు. చూసిన ప్రతిసారీ ఖాళీ.

ముందు కారు సంగతి చెప్పాలి. లేకపోతే మీకు అర్థం కాదు.

నా తెల్ల కారు మీరందరూ ఎక్కిందే. అది ఒకప్పుడు డ్రైవింగ్ స్కూల్ కారు. ఇక్కడే, వరంగల్ శివనగర్‌లో యాకూబ్ సార్ అని ఒకాయన నేర్పించేవాడు. నేను నేర్చుకున్నది కూడా ఆ కారులోనే. కళ్ళు మసకబారి ఆయన స్కూల్ మూసేస్తుంటే, చేతికి అలవాటైన బండి కదా అని నేనే కొనుక్కున్నాను. నేర్పించే కార్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే ఎడమవైపు కూర్చున్న సార్ కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. మనం తడబడితే ఆయన అటునుంచే తొక్కేస్తాడు. స్కూల్ పోయినా ఆ రెండు పెడళ్ళు నా కారులో అలాగే ఉండిపోయాయి. పక్కన కూర్చున్నవాళ్ళు వాటి మీద చెప్పులు ఆనించుకునేవాళ్ళు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు... నేను కూడా.

ఆ రోజు పొద్దున మరిపెడ వెళ్ళాను. అక్కకు నాలుగు జాకెట్లు కుట్టాను, ఇచ్చి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామని. మా బావ మిర్చి బస్తాలు వేసుకుని ఖమ్మం మార్కెట్‌కి పోయి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచే అక్క పొట్ట పట్టుకుని కూర్చుంది. గ్యాస్ అంది. సోడా తాగింది. పొద్దు గూకే వేళకి నేల మీద మెలికలు తిరగడం మొదలుపెట్టింది. అక్కడి డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, "పిత్తాశయంలో రాళ్ళున్నట్టున్నయి, జ్వరం గుడ వస్తాంది. ఇక్కడ పెట్టుకోవద్దు, వరంగల్ తీస్కపో" అన్నాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే వేరే కేసుకు పోయింది, ఆలస్యమవుతుందన్నారు. ఇంటి ముందే నా కారు ఉంది. ఇంకెందుకు ఆలోచన? పక్కింటి వాళ్ళు అక్కను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. తల కింద దిండు. మీద దుప్పటి.

బయలుదేరాం.

ఊరు దాటుతుండగా మొదటి చప్పుడు. ఫస్ట్ నుంచి సెకండ్ గేరు వేస్తుంటే... గర్ర్ర్. పళ్ళు కొరికినట్టు. గట్టిగా తోస్తే పడింది. నా తొందరపాటే అనుకున్నాను. థర్డ్ వేసేటప్పుడు మళ్ళీ గర్ర్ర్. తొర్రూరు దగ్గర పడుతుండగా క్లచ్ పెడల్ మెత్తబడిపోయింది. రోజంతా మిషన్ తొక్కే కాలు నాది. కాలి కింద పెడల్ ఏ మాత్రం తేడాగా ఉన్నా తెలిసిపోతుంది. అది తొక్కితే దూదిలో దిగినట్టు దిగుతోంది. పైకి రావడానికి బద్ధకిస్తోంది.

తొర్రూరు దాటాక, వెలుతురంతా వెనకబడ్డాక, ఒక మలుపులో వేగం తగ్గించాను. మళ్ళీ సెకండ్ వేద్దామంటే పడదు. ఫస్ట్ పడదు. ఏదీ పడదు. గర్ర్... గర్ర్... అంతే. కారు దొర్లుకుంటూ పోయి రోడ్డు పక్కన ఆగింది.

"ఏమైందే? ఎందుకు ఆపినవ్?" అంది అక్క వెనకనుంచి.

"గేరు పడ్తలేదక్కా. జర ఆగు, చూస్తాన."

"జల్దిగ చూడే... నాతోని అయితలేదు."

ఆ గొంతు మీరు విని ఉంటే తెలిసేది. మా అక్క ఎంత నొప్పినైనా పంటి బిగువున భరించే మనిషి. అలాంటిది ఏడుస్తోంది.

కిందికి దిగి చెయ్యి ఊపాను. ఒక లారీ పోయింది. రెండు బైకులు పోయాయి. ఎవరూ ఆగలేదు. చలి... అటూ ఇటూ కోసేసిన పొలాలు. వరి కొయ్యకాళ్ళు తగలబెట్టిన వాసన. మా శివనగర్ మెకానిక్ రాజన్నకి ఫోన్ చేశాను. అదృష్టం, ఎత్తాడు.

"చెల్లె, ముందుగాల ఇంజన్ బంద్ జెయ్. బంద్ జేసి గేరు ఎయ్. పడ్తాందా?"

ఆపి వేశాను. ఫస్ట్ పడింది. సెకండ్ పడింది. రివర్స్ కూడా పడింది. ఏ చప్పుడూ లేదు.

"పడ్తానయన్నా, అన్నీ."

"అయితే గేర్ బాక్స్‌కు ఏం గాలె. క్లచ్ విడుస్తలేదు. తొక్కితే ఇంజన్‌కు గేర్లకు నడుమ పట్టు వదలాలె, అది వదుల్తలేదు. క్లచ్ ఆయిల్ కారిపోయి ఉంటది. పెడల్ గబగబ కొట్టు, ఏమన్న గట్టిపడ్తదేమో చూడు."

కొట్టాను. పదిసార్లు, ఇరవైసార్లు. మెత్తగానే ఉంది.

"లేదన్నా."

"సరే, ఫికర్ జెయ్యకు. ఇంజన్ బంద్ ఉన్నప్పుడే ఫస్ట్ ఏసుకో. గేరుల ఉంచే తాళం తిప్పు. ఎగిరి ముంగటికి దుంకుతది, భయపడకు. ఇగ ఆపకు. ఫస్ట్‌ల మెల్లగ వర్ధన్నపేట దాంక వచ్చినవనుకో, నేను అక్కడికి బండి పంప..."

ఫోన్ కట్ అయ్యింది. సిగ్నల్ లేదు.

ఆయన చెప్పినట్టే చేశాను. తాళం తిప్పగానే కారు ఎగిరి దూకింది. అక్క "అమ్మో" అంది. నడుస్తోంది... కానీ ఫస్ట్ గేరు. ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, బండి మాత్రం ఎడ్లబండిలా పోతోంది. ఈ లెక్కన వర్ధన్నపేట ఎప్పుడొస్తుంది? ఇంజన్ అంతసేపు తట్టుకుంటుందా? రెండుసార్లు సెకండ్ కోసం ప్రయత్నించాను. గర్ర్ర్. క్లచ్ మీద ఆశ వదులుకున్నాను. కాలు తీసి పక్కన పెట్టేశాను. ఇది ముఖ్యం, వినండి. నా ఎడమ కాలు పెడల్ మీద లేదు. పక్కన, కింద మ్యాట్ మీద ఉంది.

అప్పుడు విన్నాను.

టక్...

ఎడమవైపు నుంచి. కింది నుంచి.

నీళ్ళ సీసా దొర్లి ఉంటుందనుకున్నాను. పొద్దున కొన్న సీసా అక్కడే పడేశాను. రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

మళ్ళీ... టక్.

ఈసారి చూశాను. ఫోన్ ఎడమ సీటు మీద పడేసి ఉంది. దాని తెర ఇంకా వెలుగుతోంది. ఆ వెలుతురు సీటు అంచు మీదుగా జారి కింద పెడళ్ళ మీద పడుతోంది. అటువైపు క్లచ్ పెడల్ మీది రబ్బరు... అంచుల్లో అరిగిపోయి ఉంటుంది, గీతలన్నీ చెరిగిపోయి, నడుమ మాత్రం కొంచెం మిగిలి... ఆ రబ్బరు కిందికి పోతోంది.

మెల్లగా.

గుంతలో కారు ఎగిరితే ఊగినట్టు కాదు. బరువు ఆనించినట్టు. ఒక మనిషి కాలు ఆనిస్తే ఎలా దిగుతుందో... అలా. కింది దాకా దిగింది. ఆగింది. పైకి వచ్చింది. రెప్పపాటు... మళ్ళీ దిగింది. ఈసారి అక్కడే ఉండిపోయింది.

నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

నా క్లచ్ పెడల్ కూడా కిందికి దిగి ఉంది. దాని మీద ఏమీ లేదు. నా కాలు మ్యాట్ మీద, చెప్పుతో సహా, కనిపిస్తోంది.

ఇంజన్ అరుపు మారింది. పట్టు వదిలిన చప్పుడు అది. యాకూబ్ సార్ దగ్గర నేర్చుకున్న రోజుల్లో ఆ చప్పుడు వినబడగానే చెయ్యి దానంతట అదే గేరు మీదికి పోయేది. ఇప్పుడూ పోయింది. నేను పంపలేదు, అలవాటుగా పోయింది. లాగాను.

సెకండ్... పడింది. నూనె పోసినట్టు. చిన్న చప్పుడు కూడా లేదు.

పెడల్ మెల్లగా పైకి వచ్చింది. కారు వేగం అందుకుంది.

నేను అరవలేదు. అరవాలనే గుర్తుకు రాలేదు. భయం వేయలేదని అనను. కానీ లోపల ఒకటే ప్రశ్న. ఎలా? ఇది ఎలా పనిచేస్తోంది?

"ఏందే ఆ టక్ టక్?" అంది అక్క.

"సీసానక్కా. దొర్లుతాంది."

అని, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, వంగి, ఆ సీసా కోసం వెతికాను. వెతుకుతుంటే చేతికి చల్లటి ఇనుము తగిలింది. పెడల్ కమ్మీ. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సీసా సీటు కింద మూలన ఇరుక్కుని ఉంది. లాగి వెనక్కి విసిరేశాను. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. మ్యాట్, రెండు పెడళ్ళు... అంతే.

ఇంజన్ మళ్ళీ గొంతు పెంచింది. థర్డ్ వెయ్యాల్సిన సమయం.

చూస్తూ ఉన్నాను.

టక్... దిగింది. లేచింది. దిగింది.

థర్డ్ వేశాను.

తర్వాత నేను చేసిన పని వింటే మీరు నన్ను పిచ్చిదంటారు. పరీక్ష పెట్టాను. వెనక అక్క మూలుగుతోంది, ముందు ఈ వింత. అయినా పెట్టాను. ముందు నా కాలితో క్లచ్ తొక్కి చూశాను. దూది. ప్రాణం లేదు. గేరు కదిపితే గర్ర్ మంది. కాలు తీసేశాను. కొంచెంసేపు ఏమీ లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను... చూడండి, ఎవరికి కోపం? ఆ తర్వాత యాక్సిలరేటర్ వదిలేశాను. బండి నెమ్మదించింది, వణకడం మొదలుపెట్టింది. వెంటనే టక్... దిగి, లేచి, దిగింది. కింది గేరు వేసుకో అన్నట్టు. వేశాను. మళ్ళీ వేగం పెంచాను. మళ్ళీ దిగింది. ఇంజన్ చప్పుడు విని తొక్కుతున్నట్టుంది. తొక్కుతున్నట్టు అంటున్నాను, ఎవరు తొక్కుతున్నారో చెప్పడం లేదు.

ప్రతిసారీ ఒకటే తీరు. ముందొక పొట్టి తొక్కు, ఆ వెంటే ఒక పొడుగు తొక్కు. నేనెప్పుడూ అలా తొక్కలేదు. నాకు ఎవరూ అలా నేర్పలేదు.

రాయపర్తి వచ్చింది. వీధి దీపాలు, మూస్తున్న కిరాణా కొట్టు, చలిమంట చుట్టూ నలుగురు మనుషులు. ఆగి సాయం అడగొచ్చు. ఇంకో బండి మాట్లాడొచ్చు. కానీ ఆగితే ఈ కారు మళ్ళీ కదులుతుందో లేదో. ఇంకో బండి దొరికేసరికి ఎంతసేపు పడుతుందో. అక్క ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఇవన్నీ కారణాలే. కానీ ఒట్టు పెట్టాను కాబట్టి దాచను... నాకు చూడాలని కూడా ఉంది. ఎంతదాకా వస్తుందో చూడాలని.

ఆగలేదు.

రాయపర్తి దాటాక తిన్నటి రోడ్డు. వెడల్పుగా, నున్నగా. ఫోర్త్ గేరులో మంచి వేగంతో పోతున్నాం. లైట్ల ముందు చాలా దూరం కనిపిస్తోంది. గొర్రె లేదు, గేదె లేదు, మనిషి లేదు. ఎదురుగా బండి లేదు.

టక్...

ఇప్పుడెందుకు?

దిగింది. లేచింది. దిగింది. అక్కడే ఉండిపోయింది.

నేను గేరు కదపలేదు. ఎందుకు కదపాలి? ముందు ఏమీ లేదు కదా. పెడల్ పైకి రాలేదు. కారు గేరు పట్టు లేకుండా ఊరికే దొర్లుతోంది. మెల్లగా వేగం తగ్గుతోంది. ఇంజన్ సన్నగా గునుస్తోంది. గాలి చప్పుడు కూడా తగ్గిపోయింది. అంత నిశ్శబ్దంలో... అక్క ఊపిరి, నా ఊపిరి. ఇంకొకటి వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినబడలేదు. వినబడలేదనే అనుకుంటున్నాను.

థర్డ్ వేశాను. పెడల్ లేచింది, మళ్ళీ దిగింది. ఇంకా తగ్గించు అన్నట్టు. సెకండ్ వేశాను. కారు నడిచినట్టు పోతోంది. కళ్ళు చికిలించి చూస్తున్నాను. తారు. తెల్ల గీత. రోడ్డు పక్కన ఒక పాత గోడ, దాని వెనక తుమ్మ చెట్లు. ఏమీ లేదు... ఏమీ లేదు... ఏమీ లేదు. దాటాం. చిన్న కుదుపు కూడా లేదు.

తర్వాత మామూలే. ఇంజన్ పుంజుకుంది, పెడల్ దిగింది, థర్డ్. ఫోర్త్.

"ఎందుకే స్లో జేసినవ్?" అంది అక్క నీరసంగా.

"తెల్వదక్కా."

నిజమే చెప్పాను.

వర్ధన్నపేట, పున్నేలు, మామునూరు... పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రాజన్న చెప్పిన బండి కోసం కూడా ఆగలేదు. స్పీడ్ బ్రేకర్ ఉన్నచోట ముందే దిగింది. ఖాళీ రోడ్డు మీద కదలకుండా ఉంది. చివరికి నేను అటు చూడటం కూడా మానేశాను. చప్పుడు వినడం, గేరు వెయ్యడం. ఇద్దరం కలిసి నడుపుతున్నట్టు... ఇది చెప్పడానికి నాకే ఏదోలా ఉంది. కానీ అలాగే అనిపించింది. భయం ఎక్కడ జారిపోయిందో తెలియదు.

హాస్పిటల్ గేటులోకి తిప్పాను. ఎమర్జెన్సీ ముందు బ్రేకు తొక్కాను. గేరులో ఉన్న బండిని క్లచ్ తొక్కకుండా ఆపితే ఏమవుతుంది? దడదడమని కొట్టుకుని ఇంజన్ ఆగిపోతుంది. ఆగలేదు. బండి సాఫీగా నిలబడింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. రెండు క్లచ్ పెడళ్ళూ, అటుదీ నాదీ, కింద ఉన్నాయి. స్ట్రెచర్ తెచ్చినాయన వెనక డోర్ తీసి, "ఎవలు పేషెంటు?" అంటున్నాడు. నేను గేరు న్యూట్రల్‌లోకి లాగాను. అప్పుడు... ఎడమవైపు పెడల్ పైకి వచ్చింది. చాలా నెమ్మదిగా. పని అయిపోయినవాళ్ళు కాలు తీసినట్టు.

తాళం తీసేసి దిగి, అక్క వెంట పరుగెత్తాను.

అక్కకు అదే రాత్రి మందులు ఎక్కించారు. రాళ్ళు అడ్డుపడి చీము పట్టిందట. జ్వరం తగ్గాక ఆపరేషన్ చేశారు. బతికింది. బాగుంది. రాత్రంతా ఆగి పొద్దున తెద్దామనుకుని ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది.

మర్నాడు రాజన్న హాస్పిటల్‌కే వచ్చాడు. కారు స్టార్ట్ చేసి గేరు వేశాడు. గర్ర్ర్. ఫస్ట్ పడలేదు. ఏదీ పడలేదు. ఇంకో బండికి కట్టి షెడ్డుకు లాక్కుపోయాడు. సాయంత్రం నేను పోయేసరికి కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికి జరిగి, చేతులు తుడుచుకుంటూ నన్ను వింతగా చూశాడు.

"చెల్లె, క్లచ్ ఆయిల్ చుక్క లేదు. మాస్టర్ సిలిండర్ల రబ్బర్లు కోసుకపోయినయ్. తొర్రూరు కాడ ఆగినవ్ గద, ఆడ్నే మొత్తం కారిపోయి ఉంటది. ఇంతదూరం గేర్లు మార్చుకుంట ఎట్ల వచ్చినవ్?"

చెప్పాను. మొత్తం. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. నేరుగా ఎడమ సీటు కింద తల పెట్టి, టార్చ్ వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చెల్లె... దీనికి వైరే లేదు."

"ఏ వైరు?"

"ఈ పెడల్‌కు నీ పెడల్‌కు నడుమ ఒక వైరు ఉండాలె. ఇది తొక్కితే అది దిగేటందుకు. తీసేసిండ్రు. ఎప్పుడో తీసిండ్రు, బోల్టు పెట్టే బొక్కల దుమ్ము గట్టింది, చూడు. ఇది ఒట్టిగ నిలబడ్డ ఇనుప ముక్క."

నేను వంగి, వేలితో నొక్కాను. పెడల్ గలగలా ఊగింది. నా క్లచ్ కదల్లేదు.

రాజన్న తనకు తోచింది చెప్పాడు. ఇంజన్ వేగం, చక్రాల వేగం సరిగ్గా కలిస్తే క్లచ్ లేకుండానే గేరు పడుతుందట. చెయ్యి తిరిగిన డ్రైవర్లు అలా వేస్తారట. "నీకు తెల్వకుండనే అట్ల ఏసినవేమో. పెడల్ అంటావా... అదురుకు ఊగింది కావొచ్చు. అక్క పానం మీద టెన్షన్, చీకటి..." అన్నాడు. నేనూ ఒప్పుకుందామనుకున్నాను. కానీ ఎమర్జెన్సీ ముందు? గేరులో ఉన్న బండి నిలబడ్డా ఇంజన్ నడుస్తూనే ఉంది కదా? దానికి ఆయన తల గోక్కున్నాడు. "అది... అది నాకు గుడ తెలుస్తలేదు" అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం యాకూబ్ సార్ ఇంటికి పోయాను. బతికే ఉన్నాడు ఆయన, దుక్కలా ఉన్నాడు. మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను. కంటి ఆపరేషన్ అయ్యింది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ తెప్పించాడు.

"వైరు నేనే తీసిన బిడ్డా, నీకు అమ్మే ముంగట. సొంత బండికి అది ఉండొద్దు గద. ఎందుకు, ఏమైంది?"

చెప్పాను. ఆయన మొదట్లో నవ్వాడు. ఆ తొక్కే తీరు ఎలా ఉందో మంచం పట్టె మీద చేత్తో కొట్టి చూపించాను. పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి. నవ్వు ఆగిపోయింది.

"మల్లొకసారి కొట్టు."

కొట్టాను.

"అట్ల నేను నేర్పలే. నేనే కాదు, ఇప్పుడు ఎవ్వలు నేర్పరు. అది పాత లారీలోళ్ళ తొక్కుడు. ఎన్కట బండ్లల్ల ఒక్కసారి తొక్కితే గేరు పడకపోయేది. ఒకసారి తొక్కి న్యూట్రల్, ఇంకోసారి తొక్కి గేరు."

"మీకంటే ముందు ఈ కారు ఎవలదగ్గర ఉండె సార్? ఎవలన్న లారీ డ్రైవర్?"

"ఎవ్వలు లేరమ్మా. కొత్తది తెచ్చిన నేను, షోరూం నుంచి."

"తొర్రూరు రోడ్డు మీద ఎప్పుడన్న తీస్కపోయిండ్రా?"

"ఉర్సుగుట్ట దాటిచ్చి ఎరగ. ఈ గల్లీలల్లనే తిప్పిన."

చాయ్ చల్లారిపోయింది.

అక్కకు కుట్లు విప్పాక ఆమెను మరిపెడలో దింపడానికి నేనే తీసుకుపోయాను. పట్టపగలు. కొత్త సిలిండర్ వేశారు, గేర్లు బాగా పడుతున్నాయి. రాయపర్తికి ఇవతల ఆ పాత గోడ కనిపించింది. ఆపాను. గోడ నీడలో ఒక ముసలమ్మ జామకాయలు అమ్ముతోంది. కొంటూ, ఊరికే అడిగినట్టు అడిగాను.

"అవ్వా, ఇక్కడ ఏమన్న యాక్సిడెంట్లు అయితయా?"

"ఇక్కడనా? ఏం కావు బిడ్డ. ఎన్నడు ఇనలే."

"మరి రోడ్డు మీద ఏమన్న ఉంటుండెనా? ఇదివరకు?"

ఆమె జామకాయలు సంచిలో వేస్తూ చెప్పింది. "ఇంత పెద్ద రోడ్డు ఎయ్యకముందు గీ గోడ బడిది. పోరగాండ్లు ఉరుకుతరని ఇంతెత్తు స్పీడ్ బ్రేకర్ ఏసిండ్రు. లారీలు ఈడికచ్చి నడిచినట్టు పోతుండె. బడి ఊళ్ళెకు పోయింది, రోడ్డు ఏసినప్పుడు ఆ బ్రేకర్‌ను తవ్వేసిండ్రు. ఇప్పుడు ఎవ్వలు స్లో జెయ్యరు."

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. అప్పటిదాకా నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. జ్వరంలో ఉంది, ఎందుకు భయపెట్టాలని. ఆమె జామకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అంది.

"స్వరూపా, ఆ రాత్రి... నువ్వేనా నడిపింది?"

"నేనేనక్కా. ఎందుకట్ల అడుగుతానవ్?"

"ఏం లేదే. నువ్వు ఎప్పుడు నడిపినా నాకు కడుపుల దేవినట్టయితది, అంత ఎత్తేస్తవ్. ఆ రోజు అంత నొప్పిల గుడ... ఎవరో పెద్దమనిషి నడుపుతానట్టు అనిపించింది. పానం నిమ్మళమైంది. కండ్లు తెరిచి చూడాలనుకున్న. చూడలే."

నేను కారు స్టార్ట్ చేశాను.

ఇదే జరిగింది. దెయ్యం అంటారా? అయితే ఎవరిది? ఆ కారులో ఎవరూ చావలేదు, ఆ చోట ఎవరూ చావలేదు. నా భ్రమ అంటారా? లేని స్పీడ్ బ్రేకర్ సంగతి నా భ్రమకు ఎలా తెలుసు? ఎప్పుడో చిన్నప్పుడు బస్సులో పోతూ అక్కడ ఎగిరిపడ్డానేమో, ఎక్కడో గుర్తుండిపోయిందేమో అంటాడు మా ఆయన. కావచ్చు. కాదని నేను అనలేను.

ఆ పెడళ్ళు పీకెయ్యమంటావా అని రాజన్న రెండుసార్లు అడిగాడు. తర్వాత చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు.

ఇప్పటికీ అక్క దగ్గరికి పోయి వస్తుంటాను. ఒక్కోసారి కావాలనే చీకటి పడ్డాక బయలుదేరుతాను. రాయపర్తి దాటాక, ఆ తిన్నటి రోడ్డు మీద, ఎదురుగా బండి లేనప్పుడు... క్లచ్ మీదనుంచి కాలు తీసి మ్యాట్ మీద పెడతాను. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినకుండా చూస్తూ ఉంటాను.

ఇంతవరకూ కదల్లేదు.

కదలనందుకు ప్రతిసారీ ఊపిరి వదులుతాను. అది ధైర్యం వచ్చి వదిలిన ఊపిరో... ఆశ తీరక వదిలిన ఊపిరో... అది కూడా నాకు తెలియదు.